ఒకే కన్ను, మూడు లెక్కలు

"డాక్, నాకు జబ్బేమీ లేదు. కళ్ళజోడు మారిస్తే చాలు."

అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రి కంటి క్లినిక్‌లో పనిచేసే ఆప్టోమెట్రిస్టుకు పొద్దున్నే చెవిన పడే మాట ఇది. ఆ మాటన్న పెద్దాయనకు 76 ఏళ్ళు అనుకుందాం. తలమీద పటాలం గుర్తు కుట్టిన టోపీ. 1969లో వియత్నాంలో ఏడాదిపాటు ఉండొచ్చాడు. షుగరుంది, మాత్రలు వేసుకుంటాడు, తిండి విషయంలో కట్టడి కూడా ఉంది. ప్రోస్టేటు ఇబ్బందితో రాత్రిళ్ళు లేవాల్సి వస్తోందని దానికో మందు. చెవులు సరిగ్గా వినపడవు. నేను చూసిన పలువురిని కలిపి అల్లిన మనిషి ఈయన. పేరు పెట్టను, పెద్దాయన అనే పిలుద్దాం.

ఆయనకు కళ్ళజోడు ఉచితంగా వస్తుందా రాదా? కళ్ళు పరీక్ష చేసి ఆ సంగతి చెప్పలేం. ఫైలు చూసి చెప్పాలి. ఆయన పక్క కుర్చీలో కూర్చున్న మరో మాజీ సైనికుడికి చూపు ఇంకా మసకగా ఉండవచ్చు, అయినా ఆయనకు రాకపోవచ్చు. కొత్తగా చేరిన డాక్టర్లకే ఇది కొరుకుడుపడటానికి నెలలు పడుతుంది. ఇక రోగికి కోపం వచ్చిందంటే తప్పేముంది?

అసలు చిక్కేమిటంటే, ఈ ఆసుపత్రిలో ఒకే కంటిమీద మూడు లెక్కలు నడుస్తాయి. కంటికి ఏమైంది అన్నది వైద్యం లెక్క. అది సైన్యంలో పనిచేయడం వల్ల వచ్చిందా అన్నది పరిహారం లెక్క. ఈ మనిషికి ఏ వస్తువు ఇవ్వవచ్చు అన్నది సౌకర్యాల లెక్క. రోగి దృష్టిలో మూడూ ఒకటే ఆసుపత్రి, ఒకటే ప్రభుత్వం. ఎదురుగా కనిపించే మనిషి ఆప్టోమెట్రిస్టు ఒక్కరే. కానీ మూడింటిలో ఆప్టోమెట్రిస్టు చేతిలో కలం ఉన్నది మొదటిదానికే.

ముందుగా ఆప్టోమెట్రిస్టు అంటే ఎవరో తేల్చుకోవాలి, ఎందుకంటే మన వాడుకలో అందరూ "కళ్ళ డాక్టరే". అమెరికాలో ఈ పని మూడు ముక్కలుగా ఉంటుంది. వైద్య కళాశాలలో చదివి, కంటి శస్త్రచికిత్సలో శిక్షణ పొందినవారు ఆఫ్తాల్మాలజిస్టు. రాసిచ్చిన నంబరు ప్రకారం కళ్ళజోడు అమర్చేవారు ఆప్టీషియన్. వీళ్ళిద్దరికీ నడుమ ఆప్టోమెట్రిస్టు. డిగ్రీ తర్వాత నాలుగేళ్ళు 'డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ' చదివి, జాతీయ బోర్డు పరీక్షలు గట్టెక్కి, రాష్ట్రం నుంచి లైసెన్సు తెచ్చుకుంటారు. కావాలనుకుంటే ఇంకో ఏడాది రెసిడెన్సీ అనే శిక్షణ. అద్దాల నంబరు చూడటం పనిలో ఒక భాగమే. నీటికాసులు (గ్లాకోమా), షుగరు వల్ల రెటీనాకు వచ్చే దెబ్బ, నల్లగుడ్డుమీద పుళ్ళు వంటివి గుర్తించడం, మందులు రాయడం, కత్తి అవసరమైతే సర్జన్ దగ్గరికి పంపడం కూడా వీళ్ళ పనే.

షాపింగ్ మాల్‌లో కళ్ళద్దాల దుకాణం పక్క గదిలో కూర్చునేదీ ఇదే చదువు చదివినవాళ్ళే. తేడా గోడ అవతల ఏముందన్నదే. మాల్‌లో గోడ అవతల ఫ్రేములుంటాయి. ఇక్కడ గోడ అవతల రక్తపరీక్షల ల్యాబు, స్కానింగు, గుండె విభాగం, నరాల విభాగం ఉంటాయి. ఒక ఉదాహరణ చెబుతాను. డెబ్బై దాటిన మనిషి వచ్చి, "నిన్న కాసేపు ఒక కన్ను చీకటైపోయింది, మళ్ళీ వచ్చింది" అంటాడు. అన్నం నమిలేటప్పుడు దవడ నొప్పి, కణతల దగ్గర తలనొప్పి ఉన్నాయా అని అడగాలి. ఉన్నాయంటే కణతల ధమనులు వాచే జబ్బు అయివుండవచ్చు. ఆలస్యమైతే రెండో కన్ను కూడా పోవచ్చు. ఒంట్లో వాపును పట్టిచ్చే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు ఆ రోజే జరగాలి, స్టెరాయిడ్ ఆ రోజే మొదలవ్వాలి. మాల్‌లోని డాక్టరు ఫోన్లు చేసి, ఉత్తరం రాసిచ్చి, రోగి వెళ్తాడో లేదోనని ఆ రాత్రి మథనపడతారు. ఆసుపత్రిలో అయితే రోగిని వెంటబెట్టుకుని కింది అంతస్తుకు నడిపించుకుపోవచ్చు.

సరే, పెద్దాయన దగ్గరికి వద్దాం.

గదిలోకి రాకముందే ఆయన మందుల జాబితా తెరమీద ఉంటుంది. 1997 నాటికే ఈ వ్యవస్థ డాక్టర్లందరూ చూడగలిగే కంప్యూటరు రికార్డు తెచ్చుకుంది. ఇప్పుడు దాన్ని మార్చే పని 2020లో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌లో మొదలై సాగుతూనే ఉంది. పాతదాని తెర పాతకాలపు రేడియోలా కనిపిస్తుంది గానీ, కంటి డాక్టరుకు అందులో దొరికేవి బంగారు గనులు. ప్రోస్టేటుకు టాంసులోసిన్ వాడుతున్నాడా? అయితే రేపు శుక్లం ఆపరేషన్‌లో కంటిపాప చుట్టూ ఉన్న రంగుతెర పట్టు తప్పి, తడిబట్టలా అటూ ఇటూ ఊగవచ్చు, పాప సర్జన్ చేతుల్లోనే ముడుచుకుపోవచ్చు. ఈ సంగతి 2005లో గానీ వైద్యలోకానికి తెలియలేదు. మందు ముందుగా ఆపేసినా ముప్పు పూర్తిగా పోదు. కాబట్టి "టాంసులోసిన్ వాడుతున్నారు" అని సర్జన్‌కు కనబడేలా ఒక వాక్యం రాయడమే ఆప్టోమెట్రిస్టు చేసే పెద్ద మేలు. గుండె లయకు అమియోడరోన్ వాడితే నల్లగుడ్డుమీద పిల్లి మీసాల్లాంటి గీతలు పడతాయి. తలనొప్పికి టోపిరమేట్ మొదలుపెట్టిన మనిషికి ఉన్నట్టుండి కంటి ఒత్తిడి ఎగబాకవచ్చు. కీళ్ళకు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్ళతరబడి వాడితే రెటీనామీద నిఘా పెట్టాలి. వృద్ధుల రెటీనా క్షీణతకు విటమిన్ మాత్రలు రాసేటప్పుడు కూడా పొగతాగిన చరిత్ర అడగాలి, ఎందుకంటే పాత ఫార్ములాలోని బీటా కెరోటిన్ పొగతాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతుంది. ఆ ఫార్ములామీద 2013లో వెలువడిన రెండో అధ్యయనం తర్వాత దాని స్థానంలో ల్యూటిన్, జియాజాంతిన్ వచ్చాయి. సిగరెట్లు రేషన్‌తో పాటు అందిన తరం ఇది, ఆ ప్రశ్న మరవకూడదు.

ఇక పరీక్ష. గది చీకటి చేసి, కళ్ళముందు యంత్రం పెట్టి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడుగుతాం కదా. పెద్దాయన జవాబివ్వడు. చూపు లేక కాదు, ప్రశ్న వినపడక. అమెరికా మాజీ సైనికుల్లో పరిహారం అందుకునే సమస్యల్లో చెవిలో మోత అన్నిటికంటే ముందు ఉంటుంది, వినికిడి లోపం కూడా ముందువరసలోనే ఉంటుంది. ఫిరంగులు, ఇంజన్లు, హెలికాప్టర్ల మధ్య గడిచిన యవ్వనం మరి. చాలామంది తమకు తెలియకుండానే పెదవులు చదువుతారు. దీపం ఆర్పేసి, ముఖానికి యంత్రం అడ్డం పెట్టి మనమే ఆ ఆసరా లాగేస్తాం. దీపం వేసి, ఎదురుగా కూర్చుని, ఏం అడగబోతున్నామో ముందే చెప్పి, ఆ తర్వాత చీకటి చేస్తే జవాబులు వాటంతటవే వస్తాయి. పాఠ్యపుస్తకంలో ఈ వాక్యం నాకెక్కడా కనపడలేదు.

చీకటి గురించి ఇంకోమాట. యుద్ధం మిగిల్చిన మానసిక గాయం ఉన్న మనిషిని చీకటి గదిలో, తలుపుకు వీపు పెట్టించి, వెనకనుంచి వచ్చి గడ్డం పట్టుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. కుర్చీలో కూర్చున్న మనిషికి తలుపు కనపడనివ్వాలి. ముట్టుకునే ముందు చెప్పాలి. చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుందని, అది పోతుందని చెప్పాలి. కంటి గదిలో పావుగంట ముఖాముఖి కూర్చుంటాం కనుక, వేరే ఎవరికీ చెప్పని మాటలు ఇక్కడ బయటపడతాయి. "చూపు పోతే ఇక బతికి ఏం లాభం" అన్న మాటను మామూలు నిట్టూర్పుగా వదిలేసే హక్కు ఇక్కడ ఎవరికీ లేదు. అడగాలి, ఆ పూటే సంబంధిత సిబ్బందికి అప్పగించాలి. 988కి ఫోన్ చేసి 1 నొక్కితే మాజీ సైనికుల సహాయ కేంద్రం పలుకుతుంది. ఆ అంకె కంటి డాక్టరు నోటికి కూడా వచ్చి ఉండాలి.

పెద్దాయన రెటీనాలో అక్కడక్కడా సన్నని రక్తపు చుక్కలు కనిపించాయనుకుందాం. షుగరు రెటీనాను తాకింది. ఇది వైద్యం లెక్క. ఎంత తీవ్రం, మళ్ళీ ఎప్పుడు చూడాలి, ప్రాథమిక వైద్యుడికి ఏం రాయాలి అన్నవి నిర్ణయించడం ఆప్టోమెట్రిస్టు పని. ఇక్కడివరకూ ఏ ఆసుపత్రిలోనైనా ఇంతే.

రెండో లెక్క ఇక్కడ మొదలవుతుంది. ఆ షుగరు ఎక్కడిది?

1962 నుంచి 1971 వరకు అమెరికా సైన్యం వియత్నాం అడవులమీద కలుపు మందులు చల్లింది. వాటిలో ముఖ్యమైన ఏజెంట్ ఆరెంజ్‌లో డయాక్సిన్ అనే విషం కల్తీగా ఉంది. ఫలానా మనిషికి ఫలానా రోజున ఎంత విషం తగిలిందో నిరూపించడం ఎవరి తరమూ కాదు. అందుకని చట్టం ఒక అడ్డదారి వేసింది. 1962 జనవరి 9 నుంచి 1975 మే 7 మధ్య వియత్నాం నేలమీద అడుగుపెట్టినవారికి జాబితాలోని జబ్బు వస్తే, సైన్యం వల్లనే వచ్చిందని ముందుగానే ఒప్పేసుకుంటుంది. 2001లో ఆ జాబితాలోకి రెండో రకం మధుమేహం చేరింది. 2022 ఆగస్టు 10న సంతకమైన, విషపదార్థాలకు గురైన మాజీ సైనికులకోసం వచ్చిన పాక్ట్ చట్టం రక్తపోటును కూడా చేర్చింది. షుగరు సైన్యం లెక్కలోకి వచ్చాక, ఆ షుగరు వల్ల రెటీనాకు వచ్చిన దెబ్బ కూడా దాని వెనకే వస్తుంది. అంటే నేను కంటిని పెద్దదిచేసి చూపే స్లిట్ ల్యాంపు ముందు కూర్చుని చూస్తున్న ఆ ఎర్రటి చుక్క చిరునామా వెతుక్కుంటూ పోతే, 1969 నాటి అడవిలో తేలుతుంది.

నా మట్టుకు నాకు ఈ వృత్తిలో అన్నింటికన్నా ఆసక్తికరమైన భాగం ఇదే. శుక్లాలు వయసు మీద పడితే అందరికీ వస్తాయి. కానీ కటకం వెనక పొరకు అంటుకుని వచ్చే ఒక రకం శుక్లం, అణుపరీక్షల దగ్గర నిలబడ్డ సైనికుడి విషయంలో వేరు. రేడియేషన్‌తో ముడిపడిన జబ్బుల జాబితాలో ఆ రకాన్ని పేరుపెట్టి రాశారు. కంటినరం పాలిపోయిందంటే కారణాలు సవాలక్ష. ఆ మనిషి ఒకప్పుడు యుద్ధఖైదీగా ఆకలితో మాడి ఉంటే, పోషణలేమి వల్ల వచ్చిన కంటినరం క్షీణతను చట్టం ముందే ఒప్పుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో తన సైనికులమీదే అమెరికా మస్టర్డ్ గ్యాస్ ప్రయోగాలు చేసింది. ఆ వాయువు ఒంటినిండా తగిలినవారికి మానని కండ్లకలక, నల్లగుడ్డు వాపు, దానిమీద మచ్చలు జాబితాలో ఉన్నాయి. కాబట్టి "శుక్లం ఉంది" అని రాసి ఊరుకుంటే సరిపోదు, ఏ పొరలో ఉందో రాయాలి. ఒక మాట తక్కువ రాస్తే వైద్యంలో తేడా రాకపోవచ్చు. పరిహారంలో రావచ్చు.

అయితే పరిహారం ఇవ్వాలా వద్దా అని తేల్చేది ఆసుపత్రి కాదు. మాజీ సైనికుల వ్యవహారాల శాఖ 1930లో ఏర్పడి, 1989లో కేబినెట్ స్థాయి శాఖ అయింది. దాని కింద వైద్యం చూసే విభాగం వేరు, పరిహారం చూసే విభాగం వేరు. ఒకే ఇంట్లో వేరుపడ్డ అన్నదమ్ముల్లా ఒకరి సంగతుల్లో ఒకరు వేలుపెట్టరు. పరిహారం విభాగం కోసం జరిపే కంటి పరీక్ష మామూలు పరీక్ష కాదు. దానిలో మందివ్వరు, కళ్ళజోడు రాయరు, ఒక ప్రశ్నావళి నింపుతారు. ఇప్పుడు వాటిలో చాలావరకు బయటి కాంట్రాక్టు సంస్థలు చేస్తున్నాయి. నిబంధనల ప్రకారం దాన్ని లైసెన్సున్న ఆప్టోమెట్రిస్టు లేదా ఆఫ్తాల్మాలజిస్టు చేయాలి. పక్కచూపు ఎంత విస్తీర్ణం ఉందో కొలవడానికి గోల్డ్‌మన్ యంత్రమో, హంఫ్రీ, ఆక్టోపస్ యంత్రాల్లో నిర్దేశించిన నమూనాలో వాడాలని కూడా నిబంధనలోనే ఉంది.

ఇక్కడ కొలిచేది అద్దాలు పెట్టాక ఎంత కనిపిస్తుందన్నది. అద్దాల్లేకుండా ఎంత మసకగా ఉన్నా సరే, అద్దాలతో 20/20 వస్తే ఆ లెక్కన అంగవైకల్యం లేనట్టే. మనం 6/6 అంటామే, అదే వాళ్ళ 20/20. మీటర్లకు బదులు అడుగులు. "సైన్యంలో చేరినప్పుడు గద్దచూపు, ఇప్పుడు అద్దాలు లేనిదే పేపరు చదవలేను, దానికి మీరే బాధ్యులు" అని వాదించేవాళ్ళు ప్రతి వారం వస్తారు. సైటు రావడాన్ని, నలభైలో వచ్చే చత్వారాన్ని పరిహార నిబంధనలు జబ్బుగానే ఒప్పుకోవు. యుద్ధానికి వెళ్ళకపోయినా చత్వారం వచ్చి తీరేదే. ఆ మాట మాత్రం సున్నితంగా చెప్పాలి.

కారణం తేల్చే చోట చట్టం భాషా వైద్యం భాషా కలవవు. డాక్టరుకు "బహుశా" అనడం అలవాటు. చట్టం అడిగే ప్రశ్న వేరు: సైన్యం వల్ల అయి ఉండటానికి కనీసం సగం అవకాశమైనా ఉందా? కావడానికీ కాకపోవడానికీ ఆధారాలు సరిసమానంగా ఉంటే తూకం సైనికుడి వైపే మొగ్గాలి. నేరం నిరూపించినట్టు నిరూపించక్కర్లేదు. ఈ తేడా తెలియని డాక్టరు "ఖచ్చితంగా చెప్పలేం" అని రాసి చేతులు దులుపుకుంటే, అది నిజాయితీలా కనిపిస్తుంది గానీ రోగికి అన్యాయం చేసినట్టే. అటువైపు, జాలిపడి లేనిది రాయడం కూడా తప్పే. పక్కచూపు పోయిందని చెప్పేవారిలో కొందరికి ఎంత దూరంలో కొలిచినా గొట్టంలోంచి చూసినట్టు ఒకే వెడల్పు వస్తుంది. నిజమైన లోపంలో దూరం పెరిగేకొద్దీ కనిపించే వెడల్పు కూడా పెరగాలి. అప్పుడు చూసింది చూసినట్టు రాయాలి. అబద్ధం ఆడుతున్నాడని రాయకూడదు, ఎందుకంటే మనసులోని గాయం కూడా చూపును అలా కుదించగలదు.

మూడో లెక్క కళ్ళజోడు. వైద్యానికి నమోదైన ప్రతి ఒక్కరికీ కంటి పరీక్ష ఉంది. కళ్ళజోడు అందరికీ లేదు. 1996లో వచ్చిన చట్టం ఆరోగ్య సేవల అర్హతను సవరిస్తూ, కళ్ళద్దాలూ వినికిడి యంత్రాలూ ఎవరికివ్వాలో విడిగా నిర్దేశించమంది. దాని ప్రకారం పరిహారం అందే స్థాయిలో, అంటే 10 శాతం లేదా అంతకు మించి సేవాసంబంధ (సైన్యం వల్ల వచ్చిందని తేలిన) వైకల్యం ఉన్నవారికి ఇస్తారు. ఆ వైకల్యం కంటిదే కానక్కర్లేదు, మోకాలిదైనా చాలు. యుద్ధఖైదీలుగా ఉన్నవారికి, యుద్ధంలో గాయపడినందుకు ఇచ్చే పర్పుల్ హార్ట్ పతకం పొందినవారికి, మరొకరి ఆసరా లేనిదే రోజు గడవదని పింఛను పెంచినవారికి కూడా ఇస్తారు. ఇవేవీ లేకపోయినా, జబ్బువల్లో దానికి చేసిన వైద్యంవల్లో చూపు దెబ్బతిన్నవారికి దారుంది. శుక్లం ఆపరేషన్ అయినవారు అలా వస్తారు. మామూలు సైటు ఒక్కటే ఉన్నవారికి మాత్రం లేదు.

ఇప్పుడు పెద్దాయన లెక్క సరిచూడండి. షుగరుకు మాత్రలూ, తిండి కట్టడీ రెండూ ఉన్నాయి కనుక వైకల్యానికి శాతం కట్టే రేటింగు పట్టికలో అది 20 శాతం. 10 దాటింది. కళ్ళజోడు వస్తుంది. ఆయన కంటి నంబరు కాదు, ఆయన మాత్రల డబ్బా ఆ కళ్ళజోడు తెచ్చింది. పక్క కుర్చీలో ఆయనకు నంబరు రెట్టింపు ఉంది, కానీ ఆయన దరఖాస్తు పెట్టుకోలేదు, ఏ రేటింగూ లేదు. నంబరు రాసిన కాగితం చేతికిచ్చి, బయట చేయించుకోమనాలి. దాంతోపాటు, దరఖాస్తు నింపడంలో సాయంచేసే మాజీ సైనికుల సంఘాలు ఉన్నాయని ఒక మాట చెప్పి పంపడం నా దృష్టిలో మందు రాయడంతో సమానం. కొందరు సహోద్యోగులు ఇది మన పని కాదంటారు. నేను ఒప్పుకోను.

ఇంతసేపూ పెద్దవాళ్ళ గురించే చెప్పాను. ఇరాక్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన తరం గది నిండా వేరే గాలి తెస్తుంది. వయసు నలభై లోపు. చార్టు మీద చివరి వరుసదాకా గడగడా చదివేస్తాడు. కంటి లోపల అంతా శుభ్రం. కానీ పది నిమిషాలు చదివితే అక్షరాలు రెండవుతాయి, దుకాణంలో ట్యూబ్‌లైట్ల కింద నిలబడలేడు, కారు నడుపుతుంటే తల తిరుగుతుంది. రోడ్డుపక్క బాంబు పేలిన ధాటికి మెదడు కుదుపు తిన్నది. రెండు కళ్ళనూ దగ్గరి వస్తువుమీదికి కలిపి తిప్పే పట్టు, ఒక పదం నుంచి మరో పదానికి చూపు దూకే వేగం, దగ్గరికీ దూరానికీ సర్దుకునే శక్తి దెబ్బతింటాయి. చార్టు వీటిలో దేన్నీ కొలవదు. "మీ కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి" అన్న మాట వాళ్ళను గాయపరిచినంతగా మరేదీ గాయపరచదు, ఎందుకంటే అప్పటికి ముగ్గురు నలుగురు ఆ మాటే చెప్పి పంపేసి ఉంటారు. రిచ్‌మండ్, టాంపా, మినియాపోలిస్, పాలో ఆల్టో, శాన్ ఆంటోనియో నగరాల్లో ఇలాంటి బహుళ గాయాలకు ప్రత్యేక కేంద్రాలున్నాయి. అక్కడి జట్టులో ఆప్టోమెట్రిస్టు ఫిజియోథెరపిస్టుతో, మాట నేర్పేవారితో కలిసి కూర్చుంటారు. ప్రిజం అద్దాలు, లేతరంగు అద్దాలు, కంటి కదలికలకు సాధన వాళ్ళ పరికరాలు. అందరికీ పూర్తిగా నయమవుతుందని చెప్పలేం గానీ, "నీ ఇబ్బంది నిజమే, దానికి పేరుంది" అన్న మాటతోనే సగం బరువు దిగడం కళ్ళారా చూశాను.

చూపు తిరిగి రాదని తేలినవారికి దారి ఇంకొకటి. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికులకోసం పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రిలో రిచర్డ్ హూవర్ పొడుగుకర్ర పద్ధతి రూపొందించాడు. అడుగు ఎక్కడ పడబోతోందో కర్ర ముందే తడిమి చెబుతుంది. 1948 జూలై 4న షికాగో దగ్గర హైన్స్ ఆసుపత్రిలో మొదటి పునరావాస కేంద్రం తెరిచారు. యుద్ధంలో చూపు కోల్పోయిన రస్సెల్ విలియమ్స్‌నే దానికి అధిపతిని చేశారు. ఇప్పుడు అలాంటి కేంద్రాలు 13. అమెరికా చట్టం దృష్టిలో అంధత్వం అంటే బాగున్న కంటికి అద్దాలు పెట్టినా 20/200 దాటకపోవడం, లేదా చూపు వ్యాసం 20 డిగ్రీలకు మించకపోవడం. ఆ గీత దగ్గరికి వచ్చినవారిని ముందే పట్టుకుని పునరావాసం చూసే సమన్వయకర్తకు అప్పగించాలి. అంకె రాసుకుని ఊరుకుంటే ఆ మనిషి ఇంట్లో కుర్చీకి అతుక్కుపోతాడు.

ఉద్యోగం సంగతి కొంచెం. ఏదో ఒక రాష్ట్రం లైసెన్సు ఉంటే దేశంలో ఏ వెటరన్స్ (మాజీ సైనికుల) ఆసుపత్రిలోనైనా పనిచేయవచ్చు. బయట రాష్ట్రం మారితే లైసెన్సు మారాలి. నియామకాల్లో రెసిడెన్సీ చేసినవారికి మొగ్గు ఎక్కువ, అందులో చాలామంది ఈ ఆసుపత్రుల్లోనే రెసిడెన్సీ చేసినవారు. తెలుగు కుటుంబాల పిల్లలు ఈ చదువువైపు వస్తున్నారు కనుక ఒక సంగతి చెప్పాలి. ఇక్కడ అమెరికా పౌరులకే ప్రాధాన్యం. అర్హులైన పౌరులు దొరకనప్పుడే ఇతరులను తీసుకుంటారు. భారతదేశంలో ఆప్టోమెట్రీ చదివినవారు ఆ డిగ్రీతో ఇక్కడ వైద్యం చేయలేరు, ఇక్కడి గుర్తింపున్న కళాశాలలో చదవాల్సిందే.

జీతం విషయంలో ఈ వృత్తివాళ్ళకు ఒక పాత మంట ఉంది. వైద్యులకూ దంతవైద్యులకూ మార్కెట్ ధరను బట్టి జీతం కట్టే పద్ధతి ఉంది. 2018లో మాజీ సైనికుల వైద్యంమీద వచ్చిన మిషన్ చట్టం పాదవైద్యులను ఆ వరసలోకి తీసుకుంది. ఆప్టోమెట్రిస్టులు పాత వరసలోనే ఉండిపోయారు. లేజర్ ఎవరు చేయాలన్నది ఇంకో గొడవ. 1998లో ఓక్లహోమా ఆప్టోమెట్రిస్టులకు కొన్ని లేజర్ చికిత్సలు అనుమతించిన తొలి రాష్ట్రం అయింది, తర్వాత మరికొన్ని కలిశాయి. కంటి సర్జన్ల సంఘాలు రోగి భద్రత అంటాయి, ఆప్టోమెట్రిస్టుల సంఘాలు పల్లెల్లో సర్జన్ దొరకడం లేదంటాయి. సమాఖ్య (కేంద్ర ప్రభుత్వ) ఆసుపత్రి రాష్ట్ర చట్టానికి కట్టుబడాలా, దేశమంతటికీ ఒకే ప్రమాణం పెట్టాలా అన్న ప్రశ్న వెటరన్స్ వ్యవస్థలోకి ఈ గొడవను లాక్కొచ్చింది. ఇద్దరి మాటల్లోనూ నిజముంది, ఇద్దరికీ జేబు లెక్క కూడా ఉంది.

సర్జన్లేమిటి, కంటి పరీక్షే దొరకడం కష్టమైన ఊళ్ళున్నాయి. 2019 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం ప్రత్యేక వైద్యానికి 28 రోజులకు మించి ఆగాల్సి వస్తే, లేదా సగటున గంటకు మించి కారులో వెళ్ళాల్సి వస్తే, బయటి డాక్టరును ఎంచుకునే హక్కు ఉంది. అది రోగికి మేలు. చిక్కల్లా, బయట చేసిన పరీక్ష కాగితాలు రికార్డులోకి చేరడం. నీటికాసుల రోగి విషయంలో ఐదేళ్ళ స్కాన్లు పక్కపక్కన పెట్టి చూస్తేగానీ జబ్బు కదులుతోందో నిలిచిందో తెలియదు. అందుకే ప్రాథమిక వైద్యం చేసే చిన్న క్లినిక్కుల్లో కెమెరాలు పెట్టి, చుక్కలు వేయకుండా రెటీనా ఫొటోలు తీసి, ఎక్కడో ఉన్న కంటి డాక్టరుకు పంపే ఏర్పాటు ఉంది. 2015లో అట్లాంటాలో మొదలైన పద్ధతి ఇంకో అడుగు ముందుకేసింది. చిన్న క్లినిక్కులో టెక్నీషియన్ చూపు, ఒత్తిడి, ఫొటోలు అన్నీ తీస్తాడు, దూరాన కూర్చున్న డాక్టరు చదివి నిర్ణయం రాస్తారు. షుగరు రోగులను వడగట్టడానికి ఇది అద్భుతంగా పనికొస్తుంది. చెవులు వినపడని పెద్దాయనతో ఎదురుగా కూర్చుని మాట్లాడటానికి పనికిరాదు.

ఆయన లేచి టోపీ సర్దుకుంటున్నాడు. రెటీనా సంగతి ప్రాథమిక వైద్యుడికి రాశాను. టాంసులోసిన్ గురించి సర్జన్‌కు కనబడే చోట రాశాను. శుక్లం ఇంకా పండలేదు. కళ్ళజోడు ఆర్డరు వెళ్ళింది. ఫ్రేము మాత్రం ఉన్న కొన్నింట్లోంచే ఎంచుకోవాలి. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"మా ఆవిడకు కూడా ఒకటి చేయించకూడదూ? ఆవిడ నంబరు నాకంటే ఎక్కువ."

లేదు సర్, అది ఈ లెక్కల్లో లేదు.

"అవునా," అన్నాడు. "వియత్నాం నుంచి వచ్చినవాణ్ణి యాభై ఏళ్ళు భరించింది. ఆవిడకూ ఎంతోకొంత శాతం రావాలి మరి."